ఐఎస్ఐ మార్కుకి అప్లై చేసే ముందు: ఒక వైర్ల ఫ్యాక్టరీ ల్యాబ్ నుంచి

"అక్కా, ఐఎస్ఐ ఎంతకి వస్తుంది?"

మా తమ్ముడు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఎలా వస్తుందని కాదు, ఎంతకి వస్తుందని. ఇంటి వైరింగ్‌కి వాడే వైర్ల యూనిట్ పెడదామని షెడ్ చూసుకున్నాడు. సెకండ్‌హ్యాండ్ ఎక్స్‌ట్రూడర్‌కి (రాగి తీగ మీద పీవీసీ తొక్క ఎక్కించే మెషీన్) అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. ఎవరో కన్సల్టెంట్ దొరికి, "పేపర్ వర్క్ అంతా నేను చూసుకుంటా, మీరు సంతకాలు పెడితే చాలు" అన్నాడట.

దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలేరా అన్నాను. నమ్మలేదు. తనిఖీకి వచ్చే అధికారి రోజు లెక్క ఫీజు, శాంపిల్ పరీక్షల ఖర్చు, ఏటా లైసెన్స్ ఫీజు, మార్కు వేసుకున్నందుకు కట్టే మార్కింగ్ ఫీజు, అన్నీ చెప్పాను. చిన్న యూనిట్లకు మార్కింగ్ ఫీజులో రాయితీ ఉందనీ చెప్పాను. అయినా అసలు ఖర్చు ఇవేవీ కాదు. అసలు ఖర్చు ల్యాబ్‌ది, ఆ ల్యాబ్‌లో కూర్చునే మనిషిది, లైసెన్స్ చేతికొచ్చేదాకా అమ్మకుండా పక్కన పెట్టాల్సిన రాగిది. ఆ రోజు గంటన్నర మాట్లాడాక "ఇవన్నీ ఎక్కడైనా రాసి పెట్టక్కా" అన్నాడు. అందుకే ఇది.

నేను చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వైర్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా ల్యాబ్ చూస్తున్నాను. నాకు తెలిసింది వైర్లే కాబట్టి ఉదాహరణలన్నీ వైర్లవే. మీరు చేసేది ప్రెషర్ కుక్కరైనా పైపైనా దారి దాదాపు ఇంతే. ఐఎస్ నంబర్లు, పరీక్షలు మారతాయి.

ముందు ప్రమాణం చదవండి, మీరే చదవండి

ఇంటి వైర్లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 694. పీవీసీ ఇన్సులేషన్‌తో 450/750 వోల్టుల వరకు వాడే వైర్లు దాని పరిధిలోకి వస్తాయి. 2003లో వచ్చిన క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్‌తో ఈ వైర్లకు మార్కు తప్పనిసరి అయింది. అంటే "ముందు కొన్నాళ్లు మార్కెట్‌లో వేసి చూద్దాం, నడిస్తే అప్పుడు ఐఎస్ఐ తీసుకుందాం" అనే లెక్క ఇక్కడ చెల్లదు. ట్రయల్‌గా తీసిన కాయిల్స్ షెడ్‌లోనే ఉండాలి, లేదా తొక్క ఒలిచి రాగి రాగిగా అమ్ముకోవాలి. మా తమ్ముడి ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఈ లైనే లేదు. బ్యాంకుకిచ్చిన కాగితాల్లో మొదటి నెల నుంచే అమ్మకాలు చూపించాడు!

మీ ఉత్పత్తికి మార్కు తప్పనిసరా, స్వచ్ఛందమా అన్నది మొదట తేల్చుకోండి. ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ బీఐఎస్; దాని వెబ్‌సైట్‌లో తప్పనిసరి ఉత్పత్తుల జాబితా ఉంటుంది. ప్రమాణం కాపీ కూడా అక్కడే లాగిన్ అయి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒకప్పుడు డబ్బు కట్టి పుస్తకం కొనేవాళ్లం; మా ల్యాబ్ బీరువాలో ఆ పాత పుస్తకాలు ఇంకా ఉన్నాయి, అట్టల మీద మా మాజీ మేనేజర్ టీ కప్పు గుండ్రాలతో సహా.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు సవరణలు మర్చిపోవద్దు. ప్రమాణం మారకపోయినా దానికి అమెండ్‌మెంట్లు వస్తుంటాయి. ప్రింట్ తీసి, మొదటి పేజీ మీద తేదీ వేసి, ఏ అమెండ్‌మెంట్ దాకా కలిపారో రాసుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి.

ఇంకో సంగతి. ఐఎస్ 694 ఒక్కటి తెరిస్తే సరిపోదు. రాగి తీగ ఎలా ఉండాలో ఐఎస్ 8130 చూడమంటుంది. పీవీసీ సంగతి ఐఎస్ 5831లో ఉంటుంది. పరీక్ష ఎలా చేయాలో ఐఎస్ 10810లో భాగాలు భాగాలుగా ఉంటుంది. తీగ రెసిస్టెన్స్ పరీక్ష అందులో 5వ భాగం. పెళ్లికి ఒకరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ వచ్చినట్టు, ఒక ప్రమాణం వెంట ఇంకో నాలుగు వస్తాయి. అన్నీ తెచ్చుకోవాల్సిందే.

చదివేటప్పుడు ఒక పెన్సిల్ పెట్టుకోండి. "షల్" అని ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి, అది తప్పనిసరి. "షుడ్" అని ఉంటే అది సలహా. మీకు అసలు పనికొచ్చేది గీతలు గీసిన ఆ వాక్యాల జాబితా. దాన్ని ఒక్క పేజీ తెలుగులో రాసి మెషీన్ దగ్గర అంటించండి. మా ఎక్స్‌ట్రూడర్ ఆపరేటర్‌ని అందరం బాబాయ్ అని పిలుస్తాం. ఇంగ్లిష్ చదవలేడు కానీ, వైర్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ గుండ్రం చూసి, "అమ్మాయ్, సెంటర్ తప్పింది, కింద పలచబడింది" అని మైక్రోస్కోప్ కంటే ముందే చెప్పేస్తాడు. ఇన్సులేషన్ సగటు మందానికి ఒక హద్దు, అతి పలుచగా ఉన్న చోటికి వేరే హద్దు ఉంటాయని ఆ తెలుగు కాగితం చూశాకే ఆయనకి తెలిసింది. "సగటు బాగుంటే చాలనుకున్నా ఇన్నాళ్లు" అన్నాడు. అప్పటి నుంచి డై సెంటరింగ్ (రాగి సరిగ్గా తొక్క మధ్యలో ఉండేలా డై సర్దడం) విషయంలో నేను ఆయనకి చెప్పాల్సిన పనే లేదు.

ప్రొడక్ట్ మాన్యువల్: ఇదే అసలు సిలబస్

ప్రమాణం తర్వాత తెచ్చుకోవాల్సింది ఆ ఐఎస్ నంబరుకి బీఐఎస్ ఇచ్చిన ప్రొడక్ట్ మాన్యువల్. అదీ ఉచితమే. చాలామంది దీన్ని కన్సల్టెంట్ చేతిలోనే చూస్తారు, అది వాళ్ల రహస్య పత్రం అనుకుంటారు. శాంపిల్ ఎంత ఇవ్వాలి, ఏయే పరికరాలు ఉండాలి, ఒక సైజు పరీక్ష చేస్తే ఏ సైజులకు వర్తిస్తుంది, అన్నీ ఇందులో ఉంటాయి. చివర్లో తనిఖీ, పరీక్షల పథకం పట్టిక ఉంటుంది. ఫ్యాక్టరీల్లో దాన్ని ఎస్ఐటీ అంటాం.

ఆ పట్టికలో పరీక్ష పేరు పక్కన "ఆర్" అనో "ఎస్" అనో ఒక అక్షరం కనబడుతుంది. ఆర్ అంటే ఆ పరికరం మీ దగ్గర ఉండాల్సిందే. ఎస్ అంటే బయటి ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. పరికరాలు కొనడానికి వెళ్లే ముందు ఆ అక్షరాలు చూసుకుంటే లక్షలు మిగులుతాయి. పరికరాలమ్మేవాళ్లు "ఫుల్ సెట్" అని అన్నీ కలిపి కొటేషన్ ఇస్తారు. మా తమ్ముడికీ ఇచ్చారు. అందులో మూడు వస్తువులు అక్కర్లేదని మాన్యువల్ ముందు పెట్టుకుని కొట్టేశాం.

ఎన్ని కాయిల్స్‌కి ఒక పరీక్ష అన్నది కూడా ఆ పట్టికలోనే ఉంటుంది. అది సిఫారసు మాత్రమే. మీ ఉత్పత్తి పద్ధతికి తగ్గట్టు బ్యాచ్ ఎంతో మీరే నిర్వచించుకుని, కారణం చూపించి, బీఐఎస్ బ్రాంచ్ ఆఫీసు ఆమోదం తీసుకోవచ్చు. చిన్న యూనిట్లు ఈ వెసులుబాటు వాడుకోవు. పెద్ద ఫ్యాక్టరీకి సరిపోయే లెక్క ఒప్పేసుకుని, ఆ తర్వాత చేయలేక, చేయని పరీక్షలు చేసినట్టు రాస్తారు. అబద్ధం అక్కడే మొదలవుతుంది. చేయగలిగినంతే ఒప్పుకోండి, ఒప్పుకున్నది చేయండి.

ఒక మీటరు తీగ, ఒక థర్మామీటర్

ఇప్పుడు ల్యాబ్‌లోకి రండి. పరీక్షలన్నిటి గురించీ రాయను. ఒక్కటి బాగా చూపిస్తాను, ఎందుకంటే దీనిలో నేను రెండుసార్లు బోల్తా పడ్డాను.

రాగి తీగ సరిపడా ఉందా లేదా అన్నది ప్రమాణం బరువుతోనో అడ్డుకొలతతోనో తేల్చదు. రెసిస్టెన్స్‌తో తేలుస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ వైర్‌కి, 20 డిగ్రీల దగ్గర, కిలోమీటరుకి 7.98 ఓమ్‌లు మించకూడదు. 1.5 సైజుకైతే 13.3. అమ్మేవాడు రాగి తగ్గించినా, నాసి రాగి వాడినా, ఈ అంకెలో దొరికిపోతాడు. ఇదేమీ కాగితం మీది పట్టుదల కాదు. రెసిస్టెన్స్ పది శాతం పెరిగితే అదే కరెంటుకి తీగలో పుట్టే వేడి కూడా పది శాతం పెరుగుతుంది. ఆ వైర్ గోడలో, పైపులో, ఇంకో నాలుగు వైర్లతో కలిసి ఉంటుంది. గీజర్ వేసిన ప్రతిసారీ లోపల ఉడుకుతూ ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు.

పరీక్ష చూడ్డానికి తేలిక. ఒక మీటరు తీగని బ్రిడ్జి (రెసిస్టెన్స్ కొలిచే పరికరం) మీద బిగించి రీడింగ్ తీసుకోవడమే. మీటరుకి వచ్చిన మిల్లీ ఓమ్‌లే కిలోమీటరుకి ఓమ్‌లు. కానీ రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి 0.00393 వంతు. అందుకే గది ఉష్ణోగ్రత దగ్గర తీసిన రీడింగ్‌ని 20 డిగ్రీలకు మార్చుకోవాలి.

నేను చేరిన కొత్తలో, మే నెల. ల్యాబ్‌లో 38 డిగ్రీలు. రీడింగ్ 8.31 వచ్చింది. 7.98 దాటింది కదా అని నలభై కాయిల్స్‌కి ఎర్ర స్టిక్కర్ అంటించాను. ఓనర్ పరిగెత్తుకొచ్చారు. రాగి సప్లయర్‌తో ఫోన్లో గొడవ కూడా అయిపోయింది. సాయంత్రం మా మేనేజర్ వచ్చి కాగితం మీద లెక్క వేశారు. 38లోంచి 20 తీస్తే 18. పద్దెనిమిదిని 0.00393తో గుణించి ఒకటి కలిపితే 1.0707. 8.31ని దానితో భాగిస్తే 7.76. వైర్ బంగారంలా ఉంది. నలభై స్టిక్కర్లు నేనే పీకాను.

రెండోది దీనికి తిరగబడ్డ తప్పు, ఇంకా ప్రమాదకరం. కొన్నేళ్ల తర్వాత ల్యాబ్‌కి ఏసీ పెట్టించారు. థర్మామీటర్ మాత్రం పాత చోటే, పార్టిషన్ అవతల, ఎక్స్‌ట్రూడర్ వైపు గోడకి ఉండిపోయింది. ఎవరం గమనించలేదు. అది 35 చూపిస్తోంది. లోపల తీగ ఉన్నది 27 దగ్గర. రీడింగ్ 8.35. 35 డిగ్రీల లెక్కన మారిస్తే 7.89, పాస్. 27 లెక్కన మారిస్తే 8.13, ఫెయిల్. మేం పాస్ అని రాశాం. సరుకు వెళ్లింది. రెండు నెలలకు మార్కెట్ నుంచి తీసిన శాంపిల్ బయటి ల్యాబ్‌లో ఫెయిలైందని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

రాగి నిజంగానే కాస్త తక్కువ ఉంది, సప్లయర్ తగ్గించాడు. పట్టుకోవాల్సింది మేం. పట్టుకోనివ్వనిది గోడకున్న ఒక థర్మామీటర్.

కాబట్టి ఈ పరీక్ష ఇలా చేయండి. తీగ ముక్కని కొన్ని గంటల ముందే ల్యాబ్‌లో పెట్టండి, గది వేడికి సర్దుకోనివ్వండి. లైన్ మీంచి వచ్చిన వేడి వైర్‌ని తెచ్చి కొలవద్దు. థర్మామీటర్ తీగ పక్కన, అదే బల్ల మీద ఉండాలి. బ్రిడ్జి క్లాంపుల మధ్య దూరం సరిగ్గా మీటరు ఉందో లేదో స్టీల్ టేపుతో చూసుకోండి. అయిదు మిల్లీమీటర్లు తగ్గితే అర శాతం తప్పు, ఆ తప్పు ఎప్పుడూ మీకు అనుకూలంగానే ఉంటుంది. ఎక్కువ కరెంటు ఎక్కువసేపు పంపొద్దు, తీగ దానివల్లే వేడెక్కుతుంది. రీడింగ్, ఉష్ణోగ్రత, మార్చిన విలువ, మూడూ రాయండి. మార్చిన విలువ ఒక్కటే రాస్తే రేపు తప్పు ఎక్కడ జరిగిందో వెతకలేరు.

పరికరాల కాలిబ్రేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించండి. సర్టిఫికెట్ వచ్చాక ఫైల్‌లో పెట్టేయకండి, చదవండి. మీ మైక్రోమీటర్ 0.02 ఎక్కువ చూపిస్తోందని అందులో ఉంటే, ఆ 0.02 మీ ప్రతి కొలతలోంచి తీసేయాలి. కాలిబ్రేషన్ అంటే పరికరం బాగుందని ఇచ్చే శుభలేఖ కాదు, ఎంత తప్పు చూపిస్తోందో చెప్పే కాగితం. థర్మామీటర్‌కి కూడా చేయించండి. అందరూ బ్రిడ్జికి చేయించి థర్మామీటర్‌ని వదిలేస్తారు.

స్పార్క్ టెస్టర్ సంగతి రెండు ముక్కల్లో. లైన్ మీద వైర్ వెళ్తున్నప్పుడే ఇన్సులేషన్‌లో సూది బెజ్జం ఉన్నా పట్టుకునే యంత్రం అది. మాటిమాటికీ మోగుతోందని నైట్ షిఫ్ట్‌లో బజర్ వైరు పీకేస్తారు. షిఫ్ట్ మొదట్లో మీరే సూదితో ఒక బెజ్జం పొడిచి వైర్‌ని దానిలోంచి పంపండి. మోగాలి. మోగకపోతే ఆ షిఫ్ట్ మొదలవ్వకూడదు.

పీవీసీ విషయంలో తక్కువ ధర కాంపౌండ్‌కి (పీవీసీ మిశ్రమానికి) ఆశపడొద్దు. చాక్ పౌడర్ ఎక్కువ కలిపితే ధర తగ్గుతుంది, సాగుడు కూడా తగ్గుతుంది. టైప్ ఏ పీవీసీ తెగేలోపు కనీసం 150 శాతం సాగాలి, చదరపు మిల్లీమీటరుకి 12.5 న్యూటన్ల బలం తట్టుకోవాలి. పరీక్ష మెషీన్ దాకా వెళ్లకముందే ఒక సూచన: తొక్కని గట్టిగా మడిచి చూడండి. మడత దగ్గర తెల్లబడితే అనుమానించండి.

రిజిస్టర్లో ఫెయిల్ కనబడాలి

తనిఖీకి వచ్చే అధికారి ముందు మీ మెషీన్లు చూస్తారని మీరనుకుంటారు. చాలామంది ముందు రిజిస్టర్ అడుగుతారు.

నాకు తెలిసిన ఒక యూనిట్‌లో జరిగింది చెబుతాను. పీవీసీ ఏజింగ్ పరీక్షకి (పాతబడితే తొక్క ఎలా ఉంటుందో చూసేది) ముక్కల్ని 80 డిగ్రీల ఓవెన్‌లో 168 గంటలు ఉంచాలి. 168 గంటలంటే ఏడు రోజులు. వాళ్ల రిజిస్టర్లో శనివారం పెట్టిన ముక్కలు గురువారం బయటికొచ్చాయి, ఫలితం కూడా అద్భుతంగా ఉంది. వచ్చినాయన ఏమీ అనలేదట. జేబులోంచి చిన్న క్యాలెండర్ తీసి రిజిస్టర్ పక్కన పెట్టారట. అంతే. అక్కడి ల్యాబ్ కుర్రాడు ఇప్పటికీ ఆ సీన్ చెప్పి తల పట్టుకుంటాడు.

ఇంకో గుర్తు: అన్నీ ఒకేలా ఉన్న అంకెలు. మందం 0.82, 0.82, 0.82, 0.82. ఏ ఎక్స్‌ట్రూడరూ అలా పని చేయదు. నిజమైన కొలతలు ఊగుతాయి. వరుసగా మూడు వందల పరీక్షల్లో ఒక్క ఫెయిల్ కూడా లేకపోతే మీరు గొప్పగా చేస్తున్నారని ఎవరూ అనుకోరు, పరీక్ష చేయడం లేదనుకుంటారు. నేను మా ల్యాబ్ పిల్లలకి ఒకటే చెబుతాను: ఫెయిల్ వస్తే ఎర్ర పెన్నుతో రాయండి, దాని కింద ఏం చేశారో రాయండి. డై సరిచేశాం, ఆ కాయిల్ పక్కన పెట్టాం, మళ్లీ కొలిస్తే ఇంత వచ్చింది. ఆ మూడు లైన్లున్న పేజీ మీ రిజిస్టర్‌లో అన్నిటికంటే విలువైనది. తప్పు రాస్తే ఒక గీతతో కొట్టేసి, పక్కన రాసి, సంతకం పెట్టండి. వైట్‌నర్ ల్యాబ్‌లోకే రానివ్వకండి.

అప్లై చేయడానికి కనీసం మూడు నెలల ముందు నుంచి రిజిస్టర్ నడపండి. ఇది రూల్ కాదు, నా సలహా. లైసెన్స్ వచ్చాక అలవాటు చేసుకుందాంలే అనుకున్నవాళ్లకి ఆ అలవాటు ఎప్పటికీ రాదు.

రిజిస్టర్‌తో పాటు బ్యాచ్ నంబర్ కూడా. ప్రతి కాయిల్ లేబుల్ మీద ఒక నంబర్ ఉండాలి; దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే ఏ రాగి లాటు, ఏ కాంపౌండ్ లాటు, ఏ మెషీన్, ఏ షిఫ్ట్ అన్నది తెలియాలి. ఇందాకటి ఫెయిల్ ఉత్తరం వచ్చినప్పుడు మమ్మల్ని బతికించింది ఇదే. ఆ రాగి లాటుతో చేసిన కాయిల్స్ ఏవో ఒక పూటలో తేల్చాం, డీలర్ల దగ్గర మిగిలినవి వెనక్కి తెప్పించాం. నంబర్లే లేకపోతే ఆ నెల సరుకంతా ఆపేయాల్సి వచ్చేది.

అప్లికేషన్, తనిఖీ

ఇది మీరనుకున్నంత కష్టం కాదు, అందుకే త్వరగా చెప్పేస్తాను. బీఐఎస్ వాళ్ల మానక్ ఆన్‌లైన్ పోర్టల్‌లో అకౌంట్ తెరిచి అప్లై చేయాలి. ఐఎస్ఐ మార్కు వచ్చేది స్కీమ్-1 కింద. మొబైల్ ఛార్జర్ల లాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల రిజిస్ట్రేషన్ స్కీమ్-2, దానితో కలిపేసుకోకండి. ఫ్యాక్టరీ చిరునామా రుజువు, మెషీన్ల జాబితా, పరీక్ష పరికరాల జాబితా, కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, తయారీ క్రమం చూపే ఫ్లో చార్ట్, లేఅవుట్, పరీక్షలు చేసే మనిషి అర్హతల కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి.

రెండు దారులుంటాయి. ఒకటి, అప్లై చేశాక అధికారి వచ్చి చూసి, శాంపిల్ తీసి సీల్ వేసి ల్యాబ్‌కి పంపడం. రెండోది, బీఐఎస్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ముందే పరీక్ష చేయించి ఆ రిపోర్ట్‌తో అప్లై చేయడం. ఇది త్వరగా అవుతుంది. రెండో దారికి వెళ్లే ముందు మీ ల్యాబ్‌లో వచ్చిన విలువలు, బయటి రిపోర్ట్‌లో వచ్చిన విలువలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. బయట పాసయ్యారా లేదా ఒక్కటే చూసి సంతోషపడొద్దు. మీ 7.60, వాళ్ల 7.85 అయితే, పాసైనా సరే, మీ బ్రిడ్జిలోనో థర్మామీటర్‌లోనో ఏదో ఉంది.

తనిఖీ రోజున కన్సల్టెంట్‌ని మాట్లాడనివ్వకండి. అధికారి అడిగేది ఆపరేటర్‌ని, ల్యాబ్ మనిషిని. "ఈ పరీక్ష చేసి చూపించండి" అంటారు. అప్పుడు కోటు వేసుకున్న పెద్దమనిషి ముందుకొచ్చి స్పీచ్ ఇస్తే ఉన్న నమ్మకం పోతుంది. మా మొదటి తనిఖీలో బాబాయ్‌ని "సెంటర్ తప్పితే ఏం చేస్తావ్?" అని అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు, స్పానర్ తీసుకుని బోల్టు తిప్పి, వైర్ కోసి, చేతిలో పెట్టాడు.

లైసెన్స్ వచ్చాక

లైసెన్స్ మొదట ఒకటి లేదా రెండేళ్లకు ఇస్తారు, తర్వాత రెన్యువల్. వైర్ మీద మార్కు వేసేటప్పుడు గుర్తుకు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని మీ లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు లేని ఐఎస్ఐ గుర్తు బొమ్మ మాత్రమే. కొనేవాళ్లు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, కంపెనీ పేరు, చిరునామా, ఏ ఉత్పత్తికి లైసెన్స్ ఉందో చూసుకోవచ్చు. మీ పోటీదారులు కూడా చూస్తారు, అది గుర్తుంచుకోండి.

లైసెన్స్ మీ కంపెనీకి కాదు. ఆ చిరునామాలో ఆ ఉత్పత్తికి, అందులో ఫలానా సైజులకు. పక్క వీధిలోకి షెడ్ మార్చినా చెప్పాలి. 4 చదరపు మిల్లీమీటర్ల సైజు లైసెన్స్‌లో లేకపోతే, దాన్ని చేర్పించుకున్నాకే మార్కు వేయాలి. పెద్ద ఆర్డర్ వచ్చిన రోజునే ఇది అందరూ మర్చిపోతారు.

శాంపిల్ కోసం బీఐఎస్ వాళ్లు ఫ్యాక్టరీకీ వస్తారు, మార్కెట్లోనూ కొంటారు. శాంపిల్ ఫెయిలైతే దాచిపెట్టే ప్రయత్నం చేయకండి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏ కాయిల్స్ మీద ప్రభావం, ఏం సరిచేశాం, సరిచేశాక వచ్చిన విలువలు ఏమిటి, ఇవన్నీ రాసి పంపండి. మేం థర్మామీటర్ ఫోటో కూడా పంపాం, గోడ మీది పాత మేకు గుర్తుతో సహా. కొన్నాళ్లు మార్కు వేయడం ఆపాల్సి వచ్చింది. మళ్లీ శాంపిల్ పాసయ్యాక మొదలుపెట్టాం. ఆ రోజుల్లో కొత్త ఆర్డర్లు తీసుకోలేక ఓనర్ ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. కానీ "మా ల్యాబ్ తప్పు కాదు, బయటి ల్యాబ్ రిపోర్టే తప్పు" అని వాదించమని నన్ను ఒక్కసారీ అడగలేదు.

ఒక చిన్న పక్కదారి. ఐఎస్ఐ అంటే ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్, 1947 జనవరిలో పుట్టిన సంస్థ. సర్టిఫికేషన్ మార్కుకి చట్టం 1952లో వచ్చింది. 1987 ఏప్రిల్ 1 నుంచి ఆ సంస్థ పని బీఐఎస్ చేతికొచ్చింది, ఇప్పుడు నడుస్తున్నది 2016 చట్టం. సంస్థ పేరు మారి దశాబ్దాలు గడిచినా గుర్తు పేరు మారలేదు, షాపులో ఇప్పటికీ "ఐఎస్ఐదేనా?" అనే అడుగుతారు. ఐఎస్ 1 దేని గురించో తెలుసా? జాతీయ జెండా గురించి. జెండా కొలతలు, రంగులు, బట్ట, దాని మీదే మొదటి నంబరు.

ఈ ప్రమాణాలు రాసే కమిటీలున్నాయి. కేబుళ్లది ఈటీడీ 09. అక్కడ తయారైన ముసాయిదాల్ని అభిప్రాయాల కోసం బయటపెడతారు, ఎవరైనా రాయొచ్చు. పెద్ద కంపెనీల వాళ్లు రాస్తారు. మనం మాత్రం ప్రమాణం అచ్చయ్యాక "ఇది చిన్నవాళ్లని తొక్కేయడానికే పెట్టారు" అని టీ కొట్టు దగ్గర తిట్టుకుంటాం. నేనూ తిట్టుకున్నదాన్నే. ఒకసారి ముసాయిదా చూసి, ఒక పరీక్ష ఎంత తరచుగా చేయాలన్న దాని మీద అరపేజీ రాసి పంపాను. ఒప్పుకోలేదు. కానీ అది రాయడానికి మా మూడేళ్ల రిజిస్టర్ తిరగేశాను, మా మూడో మెషీన్ సోమవారాలు ఎందుకు ఎక్కువ ఫెయిల్ ఇస్తోందో ఆ తిరగేయడంలోనే దొరికింది. ఆదివారం హాపర్‌లో (మెషీన్‌లోకి కాంపౌండ్ పోసే గరాటు) మిగిలిపోయిన కాంపౌండ్ తేమ పట్టేది.

మా తమ్ముడు కన్సల్టెంట్‌ని మానుకున్నాడు. డిప్లొమా చదివిన ఒక అమ్మాయిని ల్యాబ్‌లో పెట్టుకున్నాడు, బ్రిడ్జి కొన్నాడు. మొన్న రిజిస్టర్ మొదటి పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. తొమ్మిది ఎంట్రీలు. ఆరోది ఎర్ర పెన్నుతో ఉంది, కింద మూడు లైన్లు. "ఎలా ఉందక్కా?" అని అడిగాడు.

ఫోటోని పెద్దది చేసి చూశాను. తొమ్మిది ఎంట్రీల్లోనూ గది ఉష్ణోగ్రత 30 అని ఉంది, పొద్దున తొమ్మిదికీ అంతే, మధ్యాహ్నం రెండున్నరకీ అంతే.

"థర్మామీటర్ ఎక్కడ పెట్టావురా?" అని రాశాను.